జిల్లా వాన వేరు, మన తోట వాన వేరు



భరణి, కృత్తిక కార్తెల్లో మన కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు, కృష్ణగిరి వైపు వాన ఎట్లా వస్తుందో మీకు తెలిసిందే. మధ్యాహ్నం దాకా మాడిపోయే ఎండ. మూడు, నాలుగు గంటలకు దుమ్ము గాలి, ఉరుములు, అరగంట కుండపోత. పక్క ఊర్లో కాలవలు పారతాయి, మన తోటలో మట్టి కూడా తడవదు. దాంతో "వానన్నారు, చుక్క పడలేదే" అని సూచన చూడటమే మానేస్తాం. అట్లా మానేసిన రోజే నాలుగో జ్వరం లేచిన పురుగులకు తడి ఆకు వేయాల్సిన గతి పడుతుంది.

ఈ కాలంలో రెండూ చూడాలి. రాబోయే నాలుగైదు రోజుల సంగతి సూచన చెబుతుంది. ఈ సాయంత్రం మన తోట సంగతి మబ్బు చెబుతుంది.

*సూచనలో మాటలకు లెక్క ఉంది*

వాతావరణ శాఖ "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వానకొలత కేంద్రాల్లో 25 శాతానికి మించకుండా వాన పడొచ్చని అర్థం. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50 శాతం, "చాలా చోట్ల" అంటే 51 నుంచి 75 శాతం. కాబట్టి మొదటి మాట చూసినప్పుడు మనకు రాకపోవడానికే అవకాశం ఎక్కువ. మూడో మాట చూస్తే మాత్రం ఆకు సంగతి ముందే చూసుకోవాలి. "భారీ వర్షం" అంటే ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు, ఆ పైన.

మేఘదూత్ యాప్‌లో మన జిల్లాకు ఐదు రోజుల సూచన, రైతు సలహా దొరుకుతాయి. పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతం పైగా ఐదో దశలోనే తింటుంది. ఆ దశ సుమారు వారం. అందుకే నాలుగో జ్వరానికి పురుగులు పడుకున్న రోజే ఒకసారి సూచన చూడండి. మేత ఎక్కువగా కావలసిన రోజులు చాలావరకు అందులోకి వస్తాయి. ఇక ఉరుముల వాన ఏ ఊర్లో పడేదీ రోజుల ముందు చెప్పడం కుదరదు. దానికి అదే రోజు ఇచ్చే మూడు గంటల సూచన చూడాలి, తల పైకెత్తి ఆకాశమూ చూడాలి.

*ఏ మబ్బు ఏం చెబుతుంది?*

గుర్రపు తోకలా, దువ్విన దూదిలా చాలా ఎత్తులో తెల్లని పోగులు కనిపిస్తే అవి సిర్రస్. వాటి నుంచి మనకు వాన రాదు.

అడుగు చదునుగా, పైన దూది కుప్పలా విడివిడిగా తేలేవి క్యుములస్. సాయంత్రానికి కరిగిపోతే భయం లేదు. అడ్డంగా కాకుండా నిలువుగా పెరుగుతూ, పైభాగం పూలకోసులా పొంగుతుంటే జాగ్రత్త పడాలి.

పొద్దున్నే ఆకాశం మధ్య ఎత్తులో కోట బురుజుల్లా చిన్న చిన్న మబ్బులు వరుసగా లేచి ఉంటే, పైన గాలి నిలకడగా లేదని అర్థం. ఆ మధ్యాహ్నం ఉరుములకు అవకాశం ఉంది.

పొంగిన మబ్బు అడుగు నల్లబడి, తల కమ్మరి దాగలిలా పక్కలకు పరుచుకుంటే అదే క్యుములోనింబస్. ఈదురుగాలి, పిడుగు, వడగళ్లు దీని నుంచే వస్తాయి. దూది మబ్బు ఇట్లా మారడానికి గంట కూడా పట్టకపోవచ్చు. వానకు ముందే చల్లగాలి ఒక్కసారిగా కొట్టిందంటే ఇక టైమ్ లేదు.

ఆకాశమంతా బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంటే లెక్క వేరు. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నప్పుడు ఇట్లా అవుతుంది. 2022 మే నెలలో అసాని తుపాను ఆంధ్ర తీరానికి వచ్చినప్పుడు నడి ఎండాకాలంలో బెంగళూరు వైపు కూడా చలి పట్టింది. చల్లదనం, తేమ రెండూ కలిస్తే సున్నపుకట్టు రోగానికి అనువు.

*మబ్బు చూసి ఏం చేయాలి?*

వాన సూచన ఉన్న రోజు సాయంత్రం మేతకు కూడా పొద్దున చల్లపూటే కోసేయండి. కుప్ప వేస్తే వేడెక్కి పాడవుతుంది. చల్లని గదిలో వదులుగా పెట్టి, తడి గోనెపట్ట కప్పండి. కొమ్మలైతే నిలబెట్టండి. ఎంత చూసుకున్నా ఆకు తడిస్తే, నీడలో పరిచి ఫ్యాను కింద ఆరబెట్టాకే వేయండి. మేత గంట ఆలస్యమైనా పరవాలేదు.

ఐదో దశకు 24 నుంచి 26 డిగ్రీల వేడి, 70 శాతం దరిదాపు తేమ బాగుంటాయి. వాన వెలిశాక షెడ్డులో తేమ పెరుగుతుంది కాబట్టి కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. పురుగులు జ్వరంలో ఉంటే పడక మీద సున్నపు పొడి పలచగా చల్లండి. పండిన పురుగులున్న చంద్రికలు బయట ఉంటే, మబ్బు పొంగడం మొదలైనప్పుడే లోపలికి తెచ్చి దూరం దూరంగా పెట్టండి. గూడు కట్టేటప్పుడు తేమ ఎక్కువైతే దారం సరిగా రాదు, మార్కెట్‌లో రేటు పడిపోతుంది.

ఆఖరుగా మన ప్రాణం సంగతి. మెరుపు చూశాక 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. కోసిన ఆకు కోసినట్టే వదిలేసి పక్కా ఇంట్లోకి వెళ్లండి, చెట్టు కిందికి పోవద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి తోటలోకి రండి. తోటలో ఆకు కోసే కూలీలకు, ఇంట్లో ఆడవాళ్లకు ఈ మాట తప్పకుండా చెప్పండి. దామిని యాప్ ఫోన్‌లో ఉంటే దగ్గర్లో పిడుగు పడుతున్నప్పుడు హెచ్చరిస్తుంది.