బండి తిరుగుతుంది.. అందుకోదు!

సెల్ఫ్ అదేపనిగా నొక్కితే బ్యాటరీకే చేటు
పాత బండికి ఒక వైద్యం.. కొత్త బండికి మరొకటి

హోసూరు: తెల్లవారుజామున నాలుగు గంటలు. గులాబీ కట్టలు వెనక సీటుకు బిగించేశారు. పొద్దెక్కేలోగా మార్కెట్‌కు చేరకపోతే పూలకు ధర ఉండదు. తాళం తిప్పి సెల్ఫ్ నొక్కితే ఇంజిన్ 'కిర్ర్.. కిర్ర్'మంటూ తిరుగుతుంది గానీ అందుకోదు. మళ్లీ నొక్కుతారు. ఇంకోసారి.. ఐదారు నొక్కులకు ఆ చప్పుడూ నీరసించిపోతుంది. అసలు రోగమేమిటో తెలియకముందే బ్యాటరీ కూడా పడుకుంటుంది.

1980లో టీవీఎస్ 50 మోపెడ్ బయటికొచ్చిన ఊరు హోసూరు. తళి, డెంకణికోట దారిలో ఏ తెలుగింటి ముందు చూసినా ఒక బండి ఉంటుంది. అయితే బండ్లు పుట్టిన ఊరని చెప్పి మన బండి మాట వింటుందా? చలికాలం తెల్లవారుజామున, వానాకాలం రాత్రి.. సరిగ్గా అవసరమైనప్పుడే మొండికేస్తుంది.

సెల్ఫ్‌కు ఇంజిన్ మామూలు వేగంతో తిరుగుతోందంటే బ్యాటరీ, మోటారు చాలావరకు బాగున్నట్టే. ఇక చూడాల్సినవి మూడు.. కరెంటు, పెట్రోలు, గాలి. మెకానిక్‌ల భాషలో కరెంటు అంటే ప్లగ్ మొనన వచ్చే నిప్పురవ్వ. ఈ మూడింటిలో ఏది అందకపోయినా బండి కదలదు. ఏది అందలేదో తేల్చుకునేవరకు బటన్ మీద వేలు ఐదు సెకన్లకు మించి ఉంచొద్దు. నొక్కుకూ నొక్కుకూ మధ్య పదిహేను సెకన్లయినా ఆగాలి.

ముందు ఇవి చూడండి

నవ్వొచ్చినా సరే, మొదట హ్యాండిల్ మీద ఉండే ఎర్ర స్విచ్ చూడాలి. పిల్లలు ఆడుకుంటూ దాన్ని ఆఫ్ చేసి పోతారు. చాలా పాత బండ్లలో అది ఆఫ్‌లో ఉన్నా సెల్ఫ్ తిరుగుతుంది, కరెంటు మాత్రం రాదు. తర్వాత సైడ్ స్టాండ్ పైకి లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టాలి. స్టాండ్ కింద ఉంటే ఇంజిన్‌ను ఆపేసే ఏర్పాటు ఇప్పటి బండ్లలో మామూలైంది. పెట్రోలు ముల్లును నమ్మొద్దు, మూత తీసి కళ్లతో చూడండి. మూత తీశాక బండి అందుకుందంటే, మూతలో గాలి పోయే సన్నని రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు. అది శుభ్రం చేస్తే సరి, రూపాయి ఖర్చు లేదు.

కార్బొరేటర్ బండి అయితే..

పెట్రోల్ ట్యాప్ తెరిచి ఉందా, చలిలో చోక్ లాగారా అన్నది మొదటి మాట. పెట్రోలు వాసన గుప్పుమంటుంటే చోక్ లాగకండి. అప్పటికే ఎక్కువైపోయింది. చోక్ మూసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్‌లు కొడితే చాలాసార్లు అందుకుంటుంది.

లేదంటే ప్లగ్ విప్పాల్సిందే. అదే అంతా చెబుతుంది. పెట్రోలుతో తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది, కరెంటు సంగతి చూడాలి. ఎన్ని కిక్‌లు కొట్టినా పొడిగా ఉందంటే పెట్రోలే రావడం లేదు. నల్లగా మసిబారి ఉంటే తుడిచి, ఆరబెట్టి చూడండి. కొత్త ప్లగ్ ఒకటి సీటు కింద ఉంచుకున్నవాళ్లకు ఇక్కడే పని అయిపోతుంది. విప్పిన ప్లగ్‌ను క్యాప్‌కు తగిలించి, ఇనుప భాగాన్ని ఇంజిన్‌కు ఆనించి కిక్ కొడితే నీలిరంగు రవ్వ కనిపించాలి. పెట్రోలు ఒలికిన చోట మాత్రం ఈ పరీక్ష వద్దు. ప్లగ్ రంధ్రానికీ దూరంగా పట్టుకోవాలి. అక్కడి నుంచి వచ్చే ఆవిరికి మంట అంటుకున్న సందర్భాలు లేకపోలేదు.

ప్లగ్ పొడిగా ఉన్నప్పుడు కార్బొరేటర్ అడుగున ఉండే చిన్న స్క్రూ వదులు చేసి, పెట్రోలును గాజు సీసాలోకి పట్టండి. అడుగున నీటి బుడగ కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. దానికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. నీరు మితిమీరితే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకు దిగుతుంది. ఇంజిన్‌కు ముందు పోయేది అడుగున ఉన్నదే. ఊరెళ్లి రెండు మూడు నెలలు బండిని వానలో వదిలేసినవాళ్లకు ఈ బెడద ఎక్కువ. అలా వదిలేసిన బండిలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా విప్పి చూడాలి. ఎలుకలకు అది మంచి ఇల్లు. సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టడమూ కద్దు.

కొత్త బండికి చెవి పెట్టాలి

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. అప్పటి నుంచి కొన్ని మోడళ్లు తప్ప బండ్లన్నీ ఇంజెక్షన్ పద్ధతికి మారాయి. వీటికి చోక్ లేదు, ట్యాప్ లేదు. తాళం తిప్పగానే ట్యాంకు దగ్గర రెండు మూడు సెకన్లు సన్నగా 'జుయ్'మని పంపు చప్పుడు రావాలి. రాలేదంటే ఫ్యూజ్ చూడాలి. ఫ్యూజ్ బాగుంటే పంపు, దాని వైరు, రిలే.. మీటర్లో ఇంజిన్ బొమ్మ లైటు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోయినా, లెక్కగా మిణుకుమన్నా బండి తన జబ్బు తానే చెబుతున్నట్టు. ఎన్నిసార్లు మిణుకుమందో లెక్కపెట్టి చెబితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

బండి కింద పడి లేచాక స్టార్ట్ కాకపోతే కంగారు వద్దు. ఒరిగినప్పుడు ఇంజిన్‌ను ఆపే సెన్సర్ పని చేసి ఉంటుంది. తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే చాలావాటిలో సరిపోతుంది.

ఈ బండ్లకు బ్యాటరీయే ప్రాణం. సెల్ఫ్ నీరసంగా తిరుగుతున్నప్పుడు పంపుకూ, కంప్యూటర్‌కూ చాలినంత వోల్టేజి అందదు. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, అందుకోదు. పాత బండిలా నలుగురు కలిసి తోస్తే స్టార్ట్ అవుతుందనుకోవద్దు. బ్యాటరీ పూర్తిగా పడుకుంటే ఎంత తోసినా ఆయాసమే మిగులుతుంది. ప్లగ్ బయటపెట్టి రవ్వ చూసే పద్ధతీ వీటికి మంచిది కాదు. ఇంజిన్‌కు సరిగా ఆనకపోతే ఖరీదైన కంప్యూటర్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

నీట మునిగితే సెల్ఫ్ ముట్టొద్దు

2022 జులైలో గోదావరి వరద యానాం వీధుల్లోకి వచ్చింది. అలాంటప్పుడు నీట మునిగిన బండిని బయటికి తీయగానే సెల్ఫ్ నొక్కడమంత తప్పు మరోటి లేదు. సిలిండర్‌లో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వందల్లో పోయే ఖర్చు వేలకు చేరుతుంది. ముందు బ్యాటరీ తీగ విప్పాలి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిసిన టీలా ఉంటే నీరు చేరినట్టే. ఆయిల్, ఫిల్టర్ మార్చి, ప్లగ్ విప్పి నీరంతా పోయేదాకా నెమ్మదిగా కిక్‌తో తిప్పాలి. కిక్ లేని బండిని ట్రాలీలో వేసి షెడ్డుకు పంపడమే మేలు.

కరెంటు, పెట్రోలు, గాలి మూడూ సరిగ్గా ఉండి, కిక్ మాత్రం ఏ అడ్డూ లేనట్టు దూదిలా దిగిపోతుంటే ఇంజిన్‌లో బిగువు పోయింది. వాల్వులో, పిస్టన్ రింగులో అరిగి ఉంటాయి. అది ఇంటి ముందు తేలే పని కాదు. షెడ్డుకు తీసుకెళ్లినప్పుడు ఉత్తినే 'స్టార్ట్ కాలేదు' అనకండి. ప్లగ్ తడిగా ఉందా పొడిగా ఉందా, పంపు చప్పుడు వచ్చిందా, చివరిసారి ఎప్పుడు బాగా నడిచింది.. ఈ మూడూ చెప్పండి.