డాక్టరు చదివే బిడ్డకు నిద్ర కరువైతే

డ్యూటీ నుంచి వచ్చిన బిడ్డ అన్నం ముట్టక, పలకరించినా పలకక పడుకుంటే గర్వం అనుకోకండి. ఆరోగ్యానికి తప్పనిసరైన ఆరింటిని యునానీలో అస్బాబె సిత్తా జరూరియా అంటారు. నిద్ర–మెలకువ వాటిలో ఒకటి, మనసు కదలిక–విశ్రాంతి మరొకటి. రాత్రింబవళ్ళ డ్యూటీ రెంటినీ ఒకేసారి దెబ్బతీస్తుంది. నిద్ర చెడితే మెదడులో పొడితనం పెరుగుతుందని హకీముల మాట.

2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ సర్వేలో 27.8 శాతం ఎంబీబీఎస్ విద్యార్థులు తమకు మానసిక సమస్య నిర్ధారణ అయిందన్నారు. పీజీ డాక్టర్లకు వారానికి 74 గంటలు మించి పని వద్దని అదే నివేదిక సూచించింది.

సెలవునాడు బిడ్డను పడుకోనివ్వండి, దావత్‌లకు లాగకండి. తలకు రోగన్ బాదాం మర్దనా హాయిగానే ఉంటుంది. కానీ "బతకాలని లేదు" అంటే మాత్రం నూనెతో, ఖమీరాతో సరిపెట్టకండి. ఆ రోజే మానసిక వైద్యునికి చూపించండి. టెలిమానస్ 14416కు అర్ధరాత్రయినా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.