కాపు రాజయ్యగారి చిత్రకళ

ఛాయాచిత్రమువలె నున్న పటమే మంచి పటమని మా విద్యార్థులు పలువురు తలంతురు. వారికి సిద్దిపేట చిత్రకారులగు కాపు రాజయ్యగారిని (1925–2012) గూర్చి కొంత చెప్పగోరెదము.

2016 వఱకు మన ఓరుగల్లు జిల్లాలోనిదగు చేర్యాలలో నకాషీవారు గుడ్డపై గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పెట్టి, యెఱ్ఱని నేలపై కులపురాణములను వ్రాయుదురు. ఆ పటమును మెల్లగా విప్పుచు కథకులు కథ చెప్పుచుండిరి. చదువురాని వారికి నదియే గ్రంథము. అందు నీడలుండవు. దూరమున నున్నవాడని యెవనిని చిన్నగా వ్రాయరు. కథలో నెవడు ముఖ్యుడో వాడే పెద్దవాడు. దీనిని నేర్పులేమి యనువారు కలరు. మే మట్లనము, ఇది వేఱొక చూపు.

రాజయ్యగారు ఆ నిండురంగులను, ఆ దిట్టమైన గీతను గ్రహించిరి. కాని పురాణపురుషులతోనే తృప్తినొందక వడ్డెర స్త్రీని, ఎల్లమ్మ జోగిని, బోనమెత్తిన యిల్లాలిని ముందునకు దెచ్చిరి. ఱాళ్లు మోయు వనిత పటమున కెక్కుట స్వల్పవిషయము కాదు. గ్రీసుదేశమున త్సరూకిస్ (1910–1989) అను నతడును బైజాంటియపు ప్రతిమలను, నీడబొమ్మలాట తెరలను జూచి తన కాలపు సామాన్యజనులను చిత్రించెను.

పటము విప్పి కథ చెప్పువా రిపుడు మిక్కిలి యరుదు. నకాషీపని చేయు కుటుంబములును కొలదియే. సెలవులలో చేర్యాల దారిని బోవు విద్యార్థులు ఒకపూట యచట నిలిచి, ఆ యెఱుపు గుడ్డకెట్లు పట్టునో కన్నులార చూచి రావలెను.