నగర ప్రణాళికా సదస్సులో వేదిక ఎవరికి దక్కుతుంది? అంతా ప్రతిపాదన పత్రంలోనే

నగర రూపకల్పన, ప్రణాళికలపై జరిగే పెద్ద సదస్సుల స్వరూపం ప్రారంభోత్సవానికి నెలల ముందే ఖరారవుతుంది. చర్చాగోష్ఠులకు ప్రతిపాదనలు పంపవలసిందిగా నిర్వాహకులు ఆహ్వానిస్తారు. వచ్చిన వాటిని నిపుణుల సంఘం పరిశీలించి కొన్నింటిని ఎంపిక చేస్తుంది. ఏ పట్టణం అనుభవం అంతర్జాతీయ వేదిక ఎక్కుతుంది, ఏ సమస్య ఊసే లేకుండా పోతుంది అన్నది చాలావరకు ఆ దశలోనే తేలిపోతుంది. రెండు మూడు వందల మాటలకు మించని ఆ పత్రానికి ఇంత ప్రాధాన్యం ఉన్నప్పటికీ, దానిని ఎలా రాయాలన్న విషయంపై మన పురపాలక సంఘాలలో చర్చ జరగడం అరుదు.

ఈ రంగంలో అత్యంత విస్తృతమైన వేదికలలో ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం నిర్వహించే ప్రపంచ పట్టణ సదస్సు ఒకటి. 2002లో నైరోబీలో మొదలైన ఈ సదస్సు బార్సిలోనా, వాంకూవర్, నాన్‌జింగ్, రియో డి జనీరో, కౌలాలంపూర్ వంటి నగరాల మీదుగా సాగి 2024 నవంబరులో కైరోకు చేరింది. ప్రభుత్వాల అధికారిక సమావేశాలతో పాటు నగరపాలక సంస్థలు, విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థలు స్వయంగా ప్రతిపాదించి నడిపే గోష్ఠులకూ ఇందులో చోటుంటుంది. మన దేశంలో 1951లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టౌన్ ప్లానర్స్, ఇండియా జాతీయ స్థాయి సదస్సులు నిర్వహిస్తోంది.

భారతీయ పట్టణాలకు చెప్పుకోవలసిన విషయాలకు కొదవ లేదు. దేశంలోని 7,933 పట్టణ ఆవాసాలలో 65 శాతానికి బృహత్ ప్రణాళికే లేదని నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నివేదిక పేర్కొంది. రాష్ట్రాల ప్రణాళికా శాఖలలో మంజూరైన టౌన్ ప్లానర్ పోస్టులలో 42 శాతం ఖాళీగా ఉన్నట్టు కూడా అదే నివేదిక వెల్లడించింది. చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రణాళిక లేని పట్టణంలో ప్రతిపాదన రాసే ప్రణాళికావేత్త కూడా ఉండడు. ఫలితంగా చిన్న పట్టణాల గురించి మాట్లాడే బాధ్యత సైతం మహానగరాలలోని సంస్థలకే దక్కుతోంది.

తిరస్కరణకు గురయ్యే ప్రతిపాదనలలో తరచుగా కనిపించే లోపం భాషకు సంబంధించినది కాదు, ప్రశ్న లేకపోవడం. ‘సుస్థిర నగరాలు: సవాళ్లు, అవకాశాలు’ వంటి శీర్షిక కింద ఏ ప్రసంగాన్నయినా ఇమడ్చవచ్చు. అందువల్లనే పరిశీలకుడికి దాని నుంచి తెలిసేది శూన్యం. దీనికి బదులు, ‘బస్టాండు విస్తరణకు స్థలం అవసరమైనప్పుడు దాని ఎదుట ఉన్న తోపుడు బండ్లకు చోటు ఎవరు, ఎలా నిర్ణయించాలి?’ అని అడిగితే గోష్ఠికి ఒక హద్దు ఏర్పడుతుంది. పండ్ల బండ్లు, టీ దుకాణాలు, పూల గంపలు లేని బస్టాండు తెలుగునాట ఎక్కడా ఉండదు. విస్తరణ పనులు మొదలైన ప్రతిచోటా ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది.

ఆ ప్రశ్నకు చట్టపరమైన ఆధారమూ ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే కావాలి. వారిలో మూడింట ఒక వంతు మహిళలు ఉండాలి. వ్యాపారుల సర్వే పూర్తయ్యేవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదని, సర్వే కనీసం అయిదేళ్లకోసారి జరగాలని కూడా చట్టం నిర్దేశించింది. అయితే బస్టాండు నమూనా గీసే వాస్తుశిల్పి బల్ల మీదికి ఆ కమిటీ అభిప్రాయం ఏ దశలో చేరాలి? గీత గీశాక చేరితే అది కేవలం అభ్యంతరంగా మిగులుతుంది. గీయకముందే చేరితే రూపకల్పనలో భాగమవుతుంది. గోష్ఠి తేల్చవలసిన అంశం ఇదేనని ప్రతిపాదనలో రెండు వాక్యాలలో చెప్పగలిగితే పరిశీలకుడికి పని సులువవుతుంది.

వక్తల ఎంపికలో మరింత జాగ్రత్త అవసరం. పై ఉదాహరణలో నలుగురు ఆచార్యులను కూర్చోబెడితే చర్చ సిద్ధాంతం దాటదు. పురపాలక ఇంజినీరు, రవాణా సంస్థ అధికారి, నమూనా గీసిన రూపశిల్పి, కమిటీలో సభ్యురాలైన వ్యాపారి కూర్చుంటే ఒకరి మాట మరొకరికి అడ్డు తగులుతుంది. అలా తగలడమే మంచిది. వ్యాపారి తెలుగులోనే మాట్లాడతారని, అనువాదకుని ఏర్పాటు చేస్తామని ప్రతిపాదనలోనే స్పష్టం చేయాలి. ఈ చిన్న ఏర్పాటు మరచిపోయిన కారణంగా వేదిక మీద మౌనంగా కూర్చొని తిరిగివచ్చే ప్రతినిధులు ఉంటారు.

వృత్తి నిపుణులు కానివారి మాట ఎంత దూరం పోగలదో నగర రూపకల్పన చరిత్రలోనే నిదర్శనం ఉంది. 1956లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జోసెప్ లూయిస్ సెర్ట్ నిర్వహించిన నగర రూపకల్పన సదస్సులో ‘ఆర్కిటెక్చరల్ ఫోరం’ పత్రిక సంపాదకుడు ప్రసంగించవలసి ఉంది. ఆయన రాలేకపోవడంతో సహ సంపాదకురాలు జేన్ జేకబ్స్‌ను పంపారు. ఆమెకు ప్రణాళికా శాస్త్రంలో పట్టా లేదు. న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెంలో కొత్త గృహ సముదాయాల కోసం వెయ్యికి పైగా దుకాణాలు తొలగించిన తీరును ఆమె వివరించారు. చిల్లర దుకాణం సరకులు అమ్మే చోటు మాత్రమే కాదని, ఇరుగుపొరుగు కలుసుకునే స్థలమని, నమూనాలో దానికి చోటు లేకపోవడం పెద్ద లోపమని అన్నారు. శ్రోతలలో ఉన్న లూయిస్ మమ్‌ఫర్డ్ ఆమెను ప్రోత్సహించారు. 1958లో ‘ఫార్చ్యూన్’ పత్రికలో వచ్చిన వ్యాసం, 1961లో వెలువడిన ఆమె ప్రసిద్ధ గ్రంథం ఆ ప్రసంగం తెరిచిన దారిలోనే వచ్చాయి. ప్రత్యామ్నాయంగా వెళ్లిన వక్తకు దొరికిన కొద్ది నిమిషాల ఫలితం అది. బండ్ల వ్యాపారులను గురించి నేడు అడిగే ప్రశ్న ఆమె అడిగిన దానికి దూరమైనదేమీ కాదు.

గోష్ఠి రూపాన్ని కూడా విషయమే నిర్ణయించాలి. పరిశోధన ఫలితాలు చెప్పడానికి ప్రసంగాలు చాలు. విభేదాలు ఉన్నచోట గుండ్రబల్ల సమావేశం మేలు. స్థలాన్ని చూస్తే తప్ప అర్థం కాని అంశానికి సదస్సు జరిగే నగరంలోనే క్షేత్ర పర్యటన ప్రతిపాదించవచ్చు. కాలవ్యవధి విషయంలో అత్యాశ పనికిరాదు. గంట సమయంలో ఆరుగురు వక్తలను ప్రకటిస్తే సభికుల ప్రశ్నలకు చోటుండదని అనుభవజ్ఞుడైన పరిశీలకుడు లెక్క కట్టకుండానే గ్రహిస్తాడు.

ఇక ఖర్చు. ప్రపంచ పట్టణ సదస్సుకు ప్రవేశ రుసుము లేదు. ప్రయాణం, బస మాత్రం సాధారణంగా ఎవరికి వారే భరించుకోవాలి. పురపాలక సంఘం తన ఇంజినీరును విదేశానికి పంపాలంటే అనుమతుల దస్త్రం కదలడానికే నెలలు పట్టవచ్చు. దినసరి రాబడి మీద బతికే వ్యాపారికి వారం రోజుల ప్రయాణమంటే వారం ఆదాయం పోవడమే. కనుక భాగస్వామ్య సంస్థను వెదకడం, వ్యాపారికి ప్రయాణ వ్యయంతో పాటు కోల్పోయే రాబడిని కూడా లెక్కలో చేర్చడం ప్రతిపాదన రాసే దశలోనే జరగాలి. ఎంపిక ఉత్తరం అందిన తర్వాత పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తే వీసా గడువు దాటిపోయే ప్రమాదముంది.