కాజేసిన క్రిప్టో దుడ్డు జాడ ఎట్లా తీస్తారు?



గూళ్లు అమ్మిన దుడ్డు ఖాతాలో పడగానే "ఇంత పెట్టండి, రెట్టింపు ఇస్తాం" అని టెలిగ్రామ్‌లో మెసేజ్‌లు వస్తున్నాయని మన కురుగోడు రైతులు చెప్తున్నారు. "ఆ దుడ్డు క్రిప్టోగా మారిపోతే ఇంక దొరకదంట కదా?" అని అడిగారు. దొరుకుతుందని మేము మాట ఇయ్యలేం. కానీ జాడ తీసే దారి మాత్రం ఉంది.

*అందరికీ కనపడే లెక్కల పుస్తకం*
బిట్‌కాయిన్ లాంటి వాటిలో ప్రతి లావాదేవీ బ్లాక్‌చెయిన్ అనే పుస్తకంలోకి ఎక్కుతుంది. ఏ వాలెట్ నుంచి ఏ వాలెట్‌కు, ఎంత, ఎప్పుడు పోయిందో ఎవరైనా చూడొచ్చు. దాన్ని చెరిపేయలేరు. అయితే అందులో మనుషుల పేర్లు ఉండవు. దొంగ వంద వాలెట్లు తిప్పినా పోలీసులు వెంటబడి పోవచ్చు గానీ, ఆ వాలెట్ ఎవరిదో పుస్తకం చెప్పదు.

*పేరు ఎక్కడ బయటపడుతుంది?*
మన గూళ్ల మార్కెట్‌నే చూడండి. లాటు నంబరు పడిందంటే అమ్మిన రైతు ఎవరో, కొన్న రీలరు ఎవరో రికార్డులో ఉంటుంది. క్రిప్టోకు అట్లాంటి చోటు ఎక్స్ఛేంజి. రూపాయలుగా మార్చుకోవాలంటే దొంగ చాలాసార్లు అక్కడికే రావాల. 2023 మార్చి నుంచి మన దేశంలో ఎక్స్ఛేంజీలు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. ఖాతాదారుల కేవైసీ తీసుకోవాలి, రికార్డులు దాచాలి. పోలీసులు నోటీసు ఇస్తే వివరాలు ఇవ్వాలి. దుడ్డు ఇంకా అక్కడే ఉంటే ఫ్రీజ్ చేయించవచ్చు.

*జరిగిన కేసులు*
2016 ఆగస్టులో బిట్‌ఫైనెక్స్ ఎక్స్ఛేంజి నుంచి 1,19,754 బిట్‌కాయిన్లు పోయాయి. దొంగ వాటిని ఎన్నో చోట్ల తిప్పాడు. గుర్తింపు అడిగితే జవాబు చెప్పలేక కొన్ని ఖాతాలు ఫ్రీజ్ అయిపోయాయి. చివరికి జాడ సొంత పేర్లతో తెరిచిన ఖాతాల దాకా చేరింది. 2022 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో భార్యాభర్తలను పట్టుకున్నారు. సుమారు 94,000 బిట్‌కాయిన్లు స్వాధీనమయ్యాయి.

2023 జులైలో హైదరాబాద్ పోలీసులు రూ.712 కోట్ల మోసాన్ని బయటపెట్టి 9 మందిని అరెస్టు చేశారు. ఫోన్‌లో రివ్యూలు రాస్తే దుడ్డు ఇస్తామని నమ్మించి వేల మందిని ముంచారు. ఆ దుడ్డు ఇతరుల చేత తెరిపించిన బ్యాంకు ఖాతాల గుండా పోయి, క్రిప్టోగా మారి దేశం దాటింది. కేవైసీలో ఉన్న పేరు అద్దెకు తెచ్చిందైతే, పోలీసులు ముందు తట్టేది ఆ పేరు ఇచ్చినోడి తలుపే.

*మనం చేయాల్సినవి*
1. మోసం తెలిసిన గంటలోనే 1930కి ఫోన్ చేయండి. దుడ్డు ఖాతా దాటకముందే ఆపితేనే తిరిగి వచ్చే ఆశ ఎక్కువ.
2. యూటీఆర్ నంబరు, వాలెట్ అడ్రసు, లావాదేవీ ఐడీ, చాటింగ్ స్క్రీన్‌షాట్లు దాచిపెట్టండి. సిగ్గుపడి డిలీట్ చేయొద్దు.
3. కమీషన్ ఇస్తామన్నా మీ బ్యాంకు ఖాతా, ఆధార్, సిమ్ ఎవరికీ ఇయ్యొద్దు. కేసు మీ మీదికే వస్తుంది.
4. "ఫీజు కట్టండి, పోయిన క్రిప్టో తెచ్చిస్తాం" అనేవాళ్లను నమ్మొద్దు. అది రెండో మోసం.

ఇంట్లో ఫోన్ వాడే పిల్లలకు, పెద్దలకు కూడా ఇది చదివి వినిపించండి. సందేహాలుంటే గ్రూపులో అడగండి.