ఎండాకాలం ఉల్కలు: ఎప్పుడు చూడాలి, ఎన్ని కనిపిస్తాయి?

ఏప్రిల్, మే వచ్చాయంటే ‘ఈ రాత్రి ఉల్కల వర్షం’ అంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతాయి. అది చూసి దేవరకొండలోనో జడ్చర్లలోనో పిల్లలు రాత్రి పదింటికే దాబా ఎక్కుతారు. అరగంట చూసినా ఒక్క చుక్క రాలదు. అంతా ఉత్తదే అని పడుకుంటారు. నిజానికి చూసిన టైమే తప్పు, పెట్టుకున్న ఆశ కూడా కొంచెం ఎక్కువే.

తోకచుక్కలు సూర్యుడి చుట్టూ తిరుగుతూ దారిపొడవునా దుమ్ము వదులుతాయి. ఆ దారిని భూమి ఏటా దాదాపు అవే తేదీల్లో దాటుతుంది. ఇసుక రేణువంత నలుసు గాలిలోకి దూసుకొచ్చి, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తులోనే వెలిగి ఆరిపోతుంది. ఏప్రిల్ 22 ప్రాంతంలో వచ్చే లైరిడ్స్ 1861లో కనిపించిన థాచర్ తోకచుక్కవి. మే 6 ప్రాంతంలోని ఈటా అక్వారిడ్స్ హేలీ తోకచుక్క దుమ్ము. మే 8-10 మధ్య ఈటా లైరిడ్స్ అనే చిన్న జల్లు ఉంటుంది. దాని తోకచుక్క 1983 మే నెలలో భూమికి సుమారు 47 లక్షల కిలోమీటర్ల దగ్గరికొచ్చి వెళ్లింది.

లెక్కల్లో లైరిడ్స్‌కు గంటకు 18, ఈటా అక్వారిడ్స్‌కు 50, ఈటా లైరిడ్స్‌కు 3 అని రాస్తారు. ఉల్కలు వస్తున్నట్టు కనిపించే చోటు సరిగ్గా నెత్తిమీద ఉండి, ఆకాశం పూర్తి చీకటిగా ఉంటేనే ఆ సంఖ్య. నల్గొండ, మహబూబ్‌నగర్ ఊళ్లలో హేలీ ఉల్కలు గంటకు పది పదిహేను కనిపిస్తే బాగా కనిపించినట్టే.

టైమ్ విషయానికొస్తే, వానలో పోయే బస్సును తలచుకుంటే చాలు. చినుకులు ముందు అద్దానికే ఎక్కువ తగులుతాయి. భూమికి ముందు అద్దం తెల్లవారుజాము వైపు. ఈటా అక్వారిడ్స్ వచ్చే కుంభరాశి రాత్రి రెండు దాటాకే తూర్పున పైకొస్తుంది. కాబట్టి మూడు నుంచి ఫజ్ర్ అజాన్ వరకు మంచి సమయం. తహజ్జుద్‌కు లేచేవాళ్లకు వేరే అలారం అక్కర్లేదు.

వెన్నెల సంగతి హిజ్రీ క్యాలెండరే చెబుతుంది. నెల మొదటి పది రోజులు, చివరి నాలుగైదు రోజులు ఆ వేళకు ఆకాశం చీకటిగా ఉంటుంది. మధ్య రోజుల్లో చిన్న ఉల్కలు వెన్నెల్లో కలిసిపోతాయి.

చీకటి విలువ హైదరాబాద్‌కు పాత పాఠమే. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో 15 అంగుళాల దూరదర్శినితో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీకి, తర్వాత 48 అంగుళాల పెద్ద దూరదర్శిని వచ్చింది. దాన్ని మాత్రం 1968లో నగరానికి దూరంగా, ఇబ్రహీంపట్నం దాటాక ఉన్న జాపాల-రంగాపూర్‌లో పెట్టారు. ఉల్కలకు దూరదర్శినితో పనే లేదు. అమ్రాబాద్ అడవిలోకి పోవాల్సిన అవసరమూ లేదు, రాత్రిపూట పోకూడదు కూడా. వీధిలైటు కంట్లో పడని దాబా మీద చాప చాలు. ఇరవై నిమిషాలు ఫోన్ చూడకుండా ఉంటేనే కళ్లు చీకటికి అలవాటు పడతాయి.

చుక్క రాలితే ఎవరో పెద్దమనిషి పోయాడని ఊళ్లలో అంటారు. ఇస్లాంకు ముందు అరబ్బులూ అలాగే అనుకునేవాళ్లు. ఎవరి చావుకూ పుట్టుకకూ చుక్కలు రాలవని ప్రవక్త (స) చెప్పినట్టు సహీహ్ ముస్లింలో ఉంది.

ఈటా లైరిడ్స్ గంటకు రెండో మూడో కాబట్టి, వాటిని మామూలు ఉల్కల నుంచి వేరు చేయడం పిల్లలకు మంచి పని. ఉల్క గీసిన గీతను మనసులో వెనక్కి పొడిగించాలి. ఉత్తరాన బాగా ఎత్తులో మెరిసే అభిజిత్ నక్షత్రం దగ్గరికి అది చేరితే ఒక టిక్కు, లేకపోతే ఇంకో గడిలో టిక్కు.