పందొమ్మిదవ పర్వము

ఆంధ్ర మహాభారతమునకు పర్వములు పదునెనిమిది, కర్తలు ముగ్గురు అను సంగతి బడిపిల్లలకును తెలిసినదే. అయినను ఈ సంగతినే డేటాబేసులో భద్రపరచి, మరల అడిగి తెప్పించుకొని, వచ్చినది వచ్చినట్లే లెక్కించు ప్రోగ్రాము భారతమునకు 19 పర్వములని తెర మీద చూపును. డేటాబేసులో ఒక్క అసత్యమైనను లేకయే ఈ పొరపాటు పుట్టుచున్నది గనుక, దాని మూలమును కొంచెము నిదానముగా పరిశీలింపదగును.

1970లో కాలిఫోర్నియాలోని ఐబీఎం పరిశోధనశాలయందు పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ ప్రకటించిన వ్యాసము నేటి రిలేషనల్ డేటాబేసులకు పునాది. సమాచారమునంతను పట్టికలుగా అమర్చవలెననియు, ఒక్కొక్క గడిలో ఒక్క విలువయే యుండవలెను గాని గడిలోపల వేఱొక పట్టిక ఇమిడియుండరాదనియు ఆయన ప్రతిపాదించెను. ఈ పద్ధతి ననుసరించి తిక్కన పేరును ఒక్కచోటనే వ్రాసియుంచినచో, అందలి అక్షరదోషమును దిద్దుటకు పదునైదు చోట్ల వెదకుకొననక్కఱలేదు. ఎంతటి మేలైన ఏర్పాటు!

కాబట్టి కావ్యములకొక పట్టిక, పర్వములకొకటి, కవులకొకటి, ఏ పర్వము నెవరు రచించిరో తెలుపు జతలకు మఱియొకటి ఏర్పడును. వీనినన్నిటిని జాయిన్ చేసి, అనగా గుర్తు సంఖ్యలనుబట్టి జతపఱచి, అడిగినప్పుడు, నన్నయ రచించిన ఆది సభా పర్వములకు రెండు వరుసలు, ఆయన సగములో విడువగా ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వమునకు మఱి రెండు, విరాటము మొదలు స్వర్గారోహణము దాక తిక్కన రచించిన వానికి పదునైదు, వెరసి 19 వరుసలు వచ్చును. ప్రతి వరుసయు సత్యమే. కాని కావ్యము పేరు పందొమ్మిది మార్లును, అరణ్యపర్వము పేరు రెండు మార్లును అందులో కనబడును.

ప్రోగ్రామునకు కావలసిన రూపము వేఱు. ఒకే కావ్యము, దాని కడుపులో పదునెనిమిది పర్వములు, ఒక్కొక్క పర్వములో దాని కవులు, ఇట్లు పొరలు పొరలుగా ఉండు ఆబ్జెక్టు దానికి కావలెను. అందుకై ప్రతి వరుసలోని గుర్తు సంఖ్యను చూచి, ఆ సంఖ్యగల పర్వము ఇదివఱకే చేతికి వచ్చియున్నచో దానినే తీసికొని, లేనిచో క్రొత్తదానిని సృష్టింపవలెను. అరణ్యపర్వపు రెండవ వరుస వచ్చినప్పుడు చేయవలసినది ఎఱ్ఱనను ఆ పర్వములో చేర్చుట మాత్రమే. పేరును నమ్మరాదు, సంఖ్యనే నమ్మవలెను. రామాయణమను పేరు గల కావ్యములు తెలుగులో ఎన్ని లేవు? తిక్కన విషయమునను ఇంతే: పదునైదుగురు తిక్కనలు పుట్టక, పదునైదు పర్వములును ఒక్క తిక్కననే చూపవలెను. క్రమమును కోరి అడుగనిదే డేటాబేసు వరుసల క్రమమునకు హామీ ఈయదు గనుక, అరణ్యపర్వపు రెండు వరుసలు ప్రక్కప్రక్కనే వచ్చునని తలంచుటయు ప్రమాదమే.

పర్వముల వివరము ఇంకను ఎక్కింపని కావ్యమున్నదనుకొందము. లెఫ్ట్ జాయిన్‌తో అడిగినచో దానికిని ఒక వరుస వచ్చును గాని, పర్వపు గడులన్నియు నల్‌గా, అనగా శూన్యముగా ఉండును. ఆ శూన్యమును గుర్తింపని ప్రోగ్రాము పేరులేని పర్వము నొకదానిని కల్పించును.

ఈ శ్రమ యెందుకని, ముందుగా పర్వములను, పిమ్మట ఒక్కొక్క పర్వమునకు కవులను వేఱువేఱుగా అడుగువారు కలరు. అప్పుడు పర్వములకొకటి, కవులకు పదునెనిమిది, వెరసి క్వెరీలే, అనగా డేటాబేసు నడుగు ప్రశ్నలే, పందొమ్మిది అగును. దీనినే ప్రోగ్రామర్లు ఎన్ ప్లస్ వన్ సమస్య యందురు. పర్వములను ఒక క్వెరీతోను, వాని కవులనందఱిని రెండవ క్వెరీతోను తెచ్చి కలుపుకొనుట నా దృష్టిలో ఉత్తమము. 2013లో వెలువడిన పోస్ట్‌గ్రెస్ 9.3 నుండి జేసన్ రూపమున ఈ పొరల అమరికను డేటాబేసులోనే చేయించుకొను సౌకర్యమును కలదు.

ఏ మార్గమును అవలంబించినను పరీక్ష మాత్రము అరణ్యపర్వముతోనే చేయవలెను. తిక్కన పర్వములతో మాత్రమే పరీక్షించినచో, పదునైదు వరుసలకు పదునైదు పర్వములు సరిగా లెక్కకు వచ్చి, తప్పుడు ప్రోగ్రామును ఒప్పుగానే కనబడును.